కల్లులో ఉన్న మందే సూదిలోనా?

2015లో మా మేనమామను ఆస్పత్రిలో చేర్చిన రోజు అత్త నన్నొక మాట అడిగింది. ఫార్మకాలజీ పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ఆమె అడిగింది నేను ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పే సంగతే. అయినా ఆ వరండాలో ఆమెకు సరైన జవాబు చెప్పలేదు. పైగా ఒక అబద్ధం చెప్పాను. అది ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది, అందుకే ఈ పోస్టు.

మాది నిజామాబాద్ జిల్లా. మామ ముప్పై ఏళ్లుగా రోజూ సాయంత్రం కల్లు తాగేవాడు. పొలం పని చేసే ఒళ్లు, రెండు సీసాలు పడితే గానీ నిద్ర రాదనేవాడు. ఆ దుకాణంలో అమ్మే సీసాలో చెట్టు నుంచి దిగింది ఎంతో, నీళ్లెంతో, మందెంతో తాగేవాళ్లకు తెలియదు. కల్తీ కల్లులో కలిపేవి డైజిపాం, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు. పేపర్లలో డైజోఫాం అని రాస్తారు చూడండి, అది డైజిపామే. ఆ ఏడాది కల్తీ మీద దాడులు పెరిగాయి. మందు కలపడం ఆగగానే తెలంగాణలో చాలా ఊళ్ల నుంచి మనుషులు ఆస్పత్రులకు రావడం మొదలైంది. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, పొంతన లేని మాటలు, ఫిట్స్.

మామ రెండు రాత్రులు కన్ను మూయలేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయని తువ్వాలతో తుడుస్తూ కూర్చున్నాడట. మూడో రోజు తెల్లవారుజామున బోరు దగ్గర పడిపోయి కొట్టుకున్నాడు. ఆటోలో ఆస్పత్రికి తెచ్చేసరికి ఇంకా ఆగలేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నరానికి సూది ఇచ్చింది. కాసేపటికి ఒళ్లు వదులైంది. నేను ట్రేలో ఉన్న ఆంప్యూల్ తీసి చదివాను. లోరాజెపాం.

అత్త అడిగింది: "గదేం మందు బిడ్డా?"

కల్లులో కలిపే మందు జాతిదే అని నోరు జారాను. అత్త ముఖం మారిపోయింది. "గా మందుతోనే గదా మనిషి గిట్లయిండు. మళ్ల గదే సూదిల పెట్టి ఎక్కిస్తున్నరా?"

"కాదత్తా, ఇది వేరే" అన్నాను. అప్పుడు ఆమె ఏడుపు ఆపాలన్నదే నా తాపత్రయం. కానీ అది వేరే కాదు. అదే కుటుంబం మందు, మెదడులో అదే చోట పట్టుకుంటుంది.

ఈ సంగతి చెప్పాలంటే నేను ఒక కుక్క దగ్గర మొదలుపెట్టాలి.

1984లో నాకు ఏడేళ్లు. అప్పుడు మేం ఒక చిన్న పట్టణంలో ఉండేవాళ్లం. వీధికుక్కలు ఎక్కువయ్యాయని మాంసం ముక్కల్లో మందు పెట్టి వేశారు. మా గల్లీలో చిట్టి అని ఒక గోధుమ రంగు కుక్క ఉండేది, నేను బడికి పోతుంటే మూల వరకు వచ్చి తిరిగిపోయేది. అది మా ఇంటి అరుగు ముందే పడిపోయింది. నాలుగు కాళ్లూ కర్రల్లా బిగుసుకున్నాయి. మెడ వెనక్కి వంగింది. పక్కింటావిడ బండ మీద బిందె దించింది, ఆ చప్పుడుకు కుక్క ఒళ్లంతా విల్లులా లేచి పడింది. ఒక పిల్లాడు చప్పట్లు కొట్టాడు, మళ్లీ లేచి పడింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అది మమ్మల్ని చూస్తోంది. మా బాపు ఆ పిల్లాణ్ని గదిమి, అందరినీ ఇళ్లలోకి పొమ్మని, దాని మీద గోనెపట్టా తడిపి కప్పి పక్కన చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. ఊపిరి తీసుకునే కండరాలు కూడా బిగుసుకుపోయి చచ్చిపోతుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ మందు స్ట్రిక్నిన్. మన అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లో ఉంటుంది. విషముష్టి అని కూడా అంటారు. మా కాలేజీ ల్యాబులో ఒక గాజు సీసాలో ఆ గింజలున్నాయి. బొత్తాముల్లా గుండ్రంగా, బూడిద రంగులో, పట్టులాంటి నూగుతో చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. 1818లో ఫ్రాన్స్‌లో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు ఈ జాతి గింజల నుంచే స్ట్రిక్నిన్‌ను వేరు చేశారు.

మీరు చేయి మడిచి చూడండి. ముందు కండరం బిగుసుకుంటుంది, వెనక కండరం వదులవుతుంది. ఆ వదులవడం దానంతట అది జరిగేది కాదు. వెన్నుపాములో చిన్న చిన్న నాడీకణాలు వెనక కండరాన్ని నడిపే కణం మీద గ్లైసిన్ అనే పదార్థాన్ని వదిలి "నువ్వు ఆగు" అని చెప్తాయి. నడవడం, ముద్ద కలుపుకోవడం, ముగ్గు వేయడం, అన్నిట్లో ఒక కండరానికి పొమ్మని ఎన్నిసార్లు చెప్పాలో ఇంకో కండరానికి ఆగమని అన్నిసార్లు చెప్పాలి. గ్లైసిన్ వచ్చి పట్టుకునే చోటును గ్లైసిన్ రిసెప్టర్ అంటారు, మన పుస్తకాల్లో గ్రాహకం అని రాస్తారు. స్ట్రిక్నిన్ ఆ చోట్లో వచ్చి కూర్చుంటుంది, కూర్చుని ఏ పనీ చేయదు. గ్లైసిన్‌కు చోటుండదు. "ఆగు" అన్న మాట ఇక వినబడదు. ముందు కండరం, వెనక కండరం రెండూ ఒకేసారి లాగుతాయి. బిందె చప్పుడంత చిన్నది కూడా అడ్డూ ఆపూ లేకుండా ఒళ్లంతా పాకిపోతుంది. పై మెదడు మాత్రం తెలివిలోనే ఉంటుంది. చిట్టి కళ్లు అందుకే తెరిచి ఉన్నాయి.

ధనుర్వాతం పేరు పెట్టిన పెద్దలు కూడా ఇదే వంపును చూసి ఉంటారు. ధనుస్సులా వంచే వాతం. అక్కడ రిసెప్టర్ బాగానే ఉంటుంది. ఆ సూక్ష్మజీవి విషం వెన్నుపాములోకి ఎక్కి, గ్లైసిన్‌ను, దానిలాగే "ఆగు" అని చెప్పే గాబా అనే ఇంకో పదార్థాన్ని వదిలే కణాలు వాటిని వదలకుండా చేస్తుంది. ఒకటి వినేవాడి చెవి మూస్తే, ఇంకోటి చెప్పేవాడి నోరు మూస్తుంది. ఒంటికి జరిగేది మాత్రం ఒకటే. ధనుర్వాతం వార్డును చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచమనేది అందుకే. ఏ పుస్తకమూ చదవకుండా మా బాపు ఆ రోజు చేసింది అదే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని నేను క్లాసులో చెప్పకుండా ఉండలేను. 1982లో జర్మనీలో హైన్రిక్ బెట్జ్ బృందం ఎలుకల వెన్నుపాము నుంచి గ్లైసిన్ రిసెప్టర్‌ను విడదీయడానికి స్ట్రిక్నిన్‌నే గాలంలా వాడింది. విషం దేన్ని గట్టిగా పట్టుకుంటుందో అదే కావాలి కాబట్టి, విషాన్ని కట్టి వదిలితే అదే పట్టుకొచ్చింది. 1987 జూలైలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి గ్లైసిన్ రిసెప్టర్ జన్యువు గురించి, రెండోది గాబా రిసెప్టర్ జన్యువుల గురించి. రెండూ ఒకే వంశానివని తేలింది. ఐదు ముక్కలు గుండ్రంగా నిలబడి మధ్యలో ఒక దారి వదిలినట్టు ఉంటాయి. ఆ దారి తెరుచుకుంటే క్లోరైడ్ కణంలోకి వస్తుంది, కణం నెమ్మదిస్తుంది.

గాబా అన్నాను కదా. వెన్నుపాములో గ్లైసిన్ ఎంత ముఖ్యమో పైన మెదడులో గాబా అంత ముఖ్యం. 1950లో యూజీన్ రాబర్ట్స్ వాళ్లు ఎలుక మెదడులో ఇది చాలా ఉందని చూశారు, కానీ అది అక్కడ ఏం చేస్తోందో తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మామ కథ జరిగింది ఈ గాబా రిసెప్టర్ల దగ్గరే.

ఆ దసరాకు ఊరికి పోయినప్పుడు అత్తను కాలువ దగ్గరికి తీసుకుపోయాను. ఆ ఏడు వానలు సరిగా లేవు, కాలువ ఎండి ఉంది. తూము, షట్టరు, దాని మీది చక్రం అన్నీ బయటికి కనబడుతున్నాయి. నాకు కావలసింది అదే. అత్త పుట్టినప్పటి నుంచి నీటి వంతుల మధ్య పెరిగిన మనిషి.

మెదడులో ప్రతి కణానికీ ఇట్లాంటి తూములు వేలు ఉంటాయి అత్తా అని మొదలుపెట్టాను. షట్టరు లేపే లస్కరు పేరు గాబా. ఒక్కడు వస్తే బాగా లేవదు, ఇద్దరు లస్కర్లు రెండు చోట్ల పట్టాలి. లేపితే క్లోరైడ్ వస్తుంది, కణం చల్లబడుతుంది. ఇదంతా కన్ను ఆర్పేలోపల అయిపోతుంది. ఇప్పుడు డైజిపాం ఏం చేస్తుందంటే, లస్కర్లు పట్టుకునే చోట పట్టుకోదు. పక్కన ఇంకో సందులో చేయి పెట్టి సాయం పడుతుంది. తూము మాటిమాటికీ తెరుచుకుంటుంది. లస్కర్లు లేకపోతే తనంతట తను లేపలేదు. ఫినోబార్బిటాల్ లాంటి పాత మందులు వేరే చోట పట్టుకుని, తెరిచిన షట్టరును ఎక్కువసేపు నిలబెడతాయి. మోతాదు ఎక్కువైతే లస్కర్లు లేకుండానే లేపేస్తాయి. అందుకే అవి ఎక్కువైతే ఊపిరి ఆగేది. క్లోరల్ హైడ్రేట్ కూడా ఇదే తూము మీద మరో చోట పనిచేస్తుంది. ఒక సీసాలో ఇవి రెండు మూడు కలిసి, వాటి మీద కల్లులోని ఆల్కహాల్ కలిస్తే ఎవరి చేయి ఎంత బలంగా పడుతుందో చెప్పగలిగేవాళ్లుండరు.

అత్తకు చెప్పని భాగం ఇక్కడ రాస్తాను, ఎందుకంటే నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టించింది అదే. ఈ తూములన్నీ ఒక్క రకం కావు. మనుషుల్లో ఈ ముక్కల్ని తయారుచేసే జన్యువులు 19. ఆల్ఫాలో ఆరు, బీటాలో మూడు, గామాలో మూడు, రో అనేవి మూడు, డెల్టా, ఎప్సిలాన్, థీటా, పై ఒక్కొక్కటి. ఐదింటిని ఏరి ఒక తూము కట్టాలి. లెక్క వేసుకుంటే వేల రకాలు రావాలి, మెదడు నిజంగా వాడుకునేవి మాత్రం కొద్ది రకాలే. అన్నిటికంటే ఎక్కువగా కనబడేది రెండు ఆల్ఫా-1, రెండు బీటా-2, ఒక గామా-2 కలిసినది. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో ఆల్ఫా-5 ఎక్కువ. చిన్నమెదడులోని గ్రాన్యూల్ కణాల్లో ఆల్ఫా-6. కంటి రెటీనాలో రో రకాలు. కొన్ని రెండు కణాలు కలిసే చోట ఉండి చటుక్కున తెరిచి మూస్తాయి. డెల్టా ఉన్నవి ఆ కలిసే చోటుకు బయట ఉండి, చుట్టూ తిరిగే కొద్దిపాటి గాబాతోనే సన్నగా పారుతూ ఉంటాయి. డైజిపాం ఆల్ఫాకూ గామాకూ మధ్య ఉన్న సందులో పట్టుకుంటుంది కాబట్టి, గామా లేని డెల్టా రకాల మీద దాని సాయం పనిచేయదు.

ఆల్ఫా-4, ఆల్ఫా-6 మీద కూడా పనిచేయదు. ఎందుకంటే మిగతా వాటిలో హిస్టిడిన్ ఉండే ఒక చోట వీటిలో ఆర్జినిన్ ఉంది. ఒక్క అమైనో ఆమ్లం తేడా. ఇది చూసి 1999లో శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఆల్ఫా-1లో 101వ చోట హిస్టిడిన్ తీసి ఆర్జినిన్ పెట్టారు. ఆ ఎలుకలకు డైజిపాం ఇస్తే మామూలు ఎలుకల్లా మత్తుగా పడుకోలేదు. భయం మాత్రం తగ్గింది. మరుసటి ఏడు ఆల్ఫా-2లో ఇదే మార్పు చేస్తే, భయం తగ్గించే గుణం పోయింది. అంటే మనం నిద్రమాత్ర, టెన్షన్ మాత్ర, ఫిట్స్ మందు అని వేర్వేరు పేర్లతో పిలిచే పనులన్నీ ఒకే మాత్ర వేర్వేరు తూముల దగ్గర చేస్తున్నవి. నిద్ర కోసం ఒక ముసలావిడ వేసుకున్న మాత్ర ఆల్ఫా-1 దగ్గర ఆగిపోదు. జ్ఞాపకం ఉన్న చోటికీ, కండరం బిగువు ఉన్న చోటికీ వెళ్తుంది. ఆవిడ తెల్లవారుజామున లేచి బాత్రూంలో పడిపోతే ఇంట్లోవాళ్లు వయసును అంటారు. దయచేసి ఆ మాత్ర సంగతి డాక్టరును ఒకసారి అడగండి. రెండు వారాలకు రాసింది రెండేళ్లు నడుస్తోందేమో చూడండి. మీరే ఒక్కసారిగా ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం.

ఇక మామ సంగతి. రోజూ ఎవరో పక్కన చేయి వేసి షట్టరు లేపుతుంటే కణం ఊరుకోదు. నీళ్లు మరీ ఎక్కువొస్తున్నాయని తన వైపు నుంచి సర్దుకుంటుంది. తూములు ఆ సాయానికి అంతగా స్పందించడం మానేస్తాయి, వాటి ముక్కల కూర్పు మారుతుంది, ఉత్తేజపరిచే వైపు బలం పెరుగుతుంది. ముప్పై ఏళ్లలో మామ మెదడు మందు ఉంటేనే సమంగా నిలబడేట్టు తయారైంది. ఒక్క రోజులో మందు ఆగింది. లస్కర్లు ఉన్నారు, కానీ వాళ్ల బలం చాలదు. చీమలు, వణుకు, ఫిట్స్ అన్నీ అక్కడివే.

సూది ఎందుకంటే, కొట్టుకుంటున్న మెదడుకు ఆ క్షణంలో తూములు తెరవడం ఒక్కటే దారి. అది కూడా తొందరగా. ఫిట్స్ ఆగకుండా సాగేకొద్దీ కణం గామా-2 ఉన్న తూములను పైనుంచి లోపలికి లాగేసుకుంటుంది. డైజిపాం, లోరాజెపాం, మిడజోలం పట్టుకోవాల్సినవి అవే. పట్టుకోవడానికి తూమే లేకపోతే ఎంత మందిచ్చినా లాభం తక్కువ. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఇంకా ఆలస్యం చేయకుండా మందు ఇవ్వాలనడం వెనక ఉన్నది ఇదే. ఇంట్లో ఫిట్స్ వచ్చే పిల్లలుండి డాక్టరు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసిస్తే, దాన్ని తాళం వేసిన బీరువాలో పెట్టకండి. మొదలైన టైము గడియారంలో చూసుకోండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడంలో ఆ ఐదు నిమిషాలు పోనివ్వకండి.

మా బాపు సంగతి కూడా ఇక్కడే. పక్షవాతం తర్వాత ఆయన కాలు బిగుసుకుపోతుంటే బాక్లోఫెన్ ఇచ్చారు. అది గాబా అణువుకే ఒక ముక్క తగిలించి 1962లో స్విట్జర్లాండ్‌లో తయారుచేసిన మందు. ఫిట్స్ కోసం చేశారు, బిగువుకు పనికొచ్చింది. నార్మన్ బోవరీ 1980లో ఇది ఈ తూముల మీద పనిచేయడం లేదని, గాబాకు ఇంకో రకం రిసెప్టర్ ఉందని చూపించాడు. దాన్నే గాబా-బి అంటాం. అది తూము కాదు. రెండు ముక్కలు జతకట్టి, కణం లోపలికి కబురు పంపి, పొటాషియం దారులు తెరిపించి, కాల్షియం దారులు మూయిస్తుంది. నిదానంగా పనిచేస్తుంది, ఎక్కువసేపు ఉంటుంది. మామ మంచం పక్కన, బాపు దిండు కింద ఉన్న మందులు రెండూ గాబా దారిలోనివే, ఒకదాని బదులు ఒకటి వేస్తే మాత్రం పనికిరావు.

స్ట్రిక్నిన్ తిన్న కుక్కకు పశువైద్యులు ఏమిస్తారో నేను ఎం.ఫార్మ్ చదివేటప్పుడు చూశాను. డైజిపాం, లేదా పెంటోబార్బిటాల్. చీకటి గది, చప్పుడు లేకుండా. గ్లైసిన్ తూములు మూసుకుపోతే గాబా తూములు తెరిచి అయినా ఒంటిని ఆపొచ్చు. లైబ్రరీలో ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇదంతా అత్తకు చెప్పలేదు గానీ, చిట్టికి అందాల్సిన మందే మీ ఆయనకు అందిందత్తా అని మనసులో అనుకున్నాను.

కాలువ గట్టు మీద నేను చెప్పిందంతా అత్త విన్నది. అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. దానికి ఆమె ఏమీ అనలేదు. షట్టరు చక్రం మీద చేయి పెట్టి కొంచెంసేపు ఆలోచించింది.

"నిండుగ పారే కాలువ బంద్ చేయాలంటే గుడ షట్టరు జర జర దించుతరు బిడ్డా. ఒక్కపారే దించితె కట్ట తెగుతది. మీ మామకు ఒక్కపారే దించిండ్రు."

డాక్టర్లు మామకు మాత్రలు రాసిచ్చారు, వారం వారం తగ్గించుకుంటూ పోవాలి. అంతకుముందు వరకు అత్త వాటిని విషంలా చూసి, మామకు ఇవ్వాలా వద్దా అని ఊగిసలాడుతోంది. రెండు రోజులు ఎగ్గొట్టింది కూడా. ఇంటికి పోయాక చీటీ తెచ్చి నాతో మళ్లీ చదివించుకుంది. ఈ వారం ఒకటిన్నర, వచ్చే వారం ఒకటి, ఆపై వారం అర. తమలపాకుల డబ్బా తీసి, వక్కలు కత్తిరించే అడకత్తెరను కొంగుతో రెండుసార్లు తుడిచింది. ఒక్కో మాత్రను మధ్య గీత మీద పెట్టి నొక్కి, సగాలను కాగితంలో వారానికొక పొట్లం కట్టింది. ఒక సగం ఎగిరి మంచం కిందికి పోతే దీపం పట్టుకుని వెతికి తెచ్చి, ఊది, పొట్లంలో వేసింది.